తుండు కింద ఏడు వేళ్లు

ముందే చెప్పేస్తున్నాను, నాకు బొమ్మల పుస్తకాలంటే పడదు. ఇంట్లో మనవరాలు ఒకటి పట్టుకుని కూర్చుంటేనే కసురుకుంటాను. అలాంటి నేను, కృపావరం అనే ఆర్టీసీ డ్రైవర్ని, ఒక బొమ్మల పుస్తకం కోసం నంద్యాల బస్టాండులో పుస్తకాల కొట్టాయనతో పోట్లాడి, అప్పుడే దిగిన కట్ట విప్పించి, పై కాపీ లాక్కున్నానంటే అందుకు కారణం మా కండక్టరు గీతాంజలి. ఆ పిల్ల సంగతి చెప్పడానికే ఇదంతా.

పిల్ల అన్నాను గానీ ముప్పై దాటిన మనిషి. నంద్యాల–ఆళ్లగడ్డ బస్సులో నాకు జోడీగా పడి మూడేళ్లు అయింది. అత్తగారిల్లు నంద్యాల, పుట్టిల్లు ఆళ్లగడ్డ పక్క పల్లె. భర్త సందీప్ బియ్యం మిల్లులో లెక్కలు చూస్తాడు, నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు తీర్చడానికే దేవుడు ఈమెకు అంత గొంతు ఇచ్చినట్టున్నాడు. దారి మధ్యలో శిరివెళ్లలో ఒక్క కేక పెట్టిందంటే ఆళ్లగడ్డలో దిగాల్సినవాళ్లు కూడా మూటలు సర్దుకుంటారు. ఆడవాళ్లకు టికెట్టు ఉచితమయ్యాక మా బస్సులో కాలు పెట్టే సందు లేదు. అయినా ఆ జనంలో ఈదుకుంటూ అటు నుంచి ఇటు వచ్చేస్తుంది. "ఏమక్కా, ఆ సీటు మీ నాయన రాసిచ్చినాడా? రోంత జరుగు" అంటుంది. ఎంత మొండిఘటమైనా నవ్వి జరగాల్సిందే.

బస్సు ఆగితే చాలు, ముందు మెట్టు మీద కూర్చుని సంచిలోంచి 'రోదసి రథం' తీస్తుంది. హైదరాబాదు నుంచి నెలకోసారి వచ్చే బొమ్మల పత్రిక అది. నిండా వేరే గ్రహాలు, మరమనుషులు, కాలంలో ముందుకూ వెనక్కూ పోయే యంత్రాలు. చదివి ఊరుకుంటే ఏ బాధా లేదు. ప్రతి కథా నాకు చెప్పాలి. నేను టీ తాగుతున్నా చెప్తుంది, టైర్లు తట్టి చూస్తున్నా చెప్తుంది. "మనకున్న రథం చాలదా తల్లీ, దీనికే రెండో గేరు పడక చస్తున్నాను" అని విసుక్కున్నా వినేది కాదు.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఆ పత్రికలో ఒక ప్రకటన వచ్చింది. పాఠకులే కథ రాయాలట. మామూలు కథ కాదు, స్క్రిప్టు. ఐదు పేజీలు. ఏ ఫ్రేములో ఏ బొమ్మ ఉండాలో, ఎవరి నోటి దగ్గర మాటల బుడగ ఉండాలో, ఆ బుడగలో ఏముండాలో అన్నీ రాసి పంపాలి. గెలిచినదాన్ని వాళ్ల చిత్రకారుడు గీస్తాడు, రాసినవాళ్ల పేరుతో అచ్చు వేస్తారు.

"అన్నా, ఈ పోటీ నాది" అంది గీతాంజలి, పత్రిక మడిచి సంచిలో పెడుతూ.

"గెలిచినాక చెప్పమ్మా."

"గెలిచేది ఖాయమే. నీకు ముందుగా చెప్తాండా. తర్వాత నోరెళ్లబెట్టి నిలబడితే బాగుండదు గదా, యూనిఫారం మీద ఉండావ్."

ఇదీ ఆమె వరస. గర్వమంటే గర్వమే, కానీ చూస్తే ముచ్చటేసే గర్వం.

ఆమె నాన్న శేషయ్య గురించి ఇక్కడ చెప్పకపోతే ముందుకు కథ నడవదు. పెద్దాయనకు పొలముంది, దాంతోపాటు పశువుల సంతలో బేరాలు తెంపే పని కూడా ఉంది. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడతాడు. ధర నోటితో చెప్పరు. భుజం మీది తుండు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పుతారు. ఆ గుడ్డ కింద వేళ్లు పట్టుకుంటారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, మూడు పట్టుకుంటే మూడు, చెయ్యంతా పట్టుకుంటే ఐదు. చుట్టూ ఎంతమంది మూగినా బేరం ఎక్కడికొచ్చిందో ఎవడికీ తెలియదు. శేషయ్య తుండు కిందకు చెయ్యి వెళ్లిందంటే బేరం తెగినట్టేనని చుట్టుపక్కల పల్లెల్లో చెప్పుకుంటారు. ఆయనకు డెబ్బై దాటాయి, ఇప్పటికీ సంత తప్పడు.

గీతాంజలి రాసింది ఆ తుండు కథే. ఆళ్లగడ్డ స్టాండులో పల్లీలు నములుతూ నాకు మొత్తం చెప్పింది. వేరే గ్రహం నుంచి ఒకడు వస్తాడు. వాణ్ని ఆమె 'ఆకాశమోడు' అంటుంది. వాడి వాహనం మన నల్లరేగడిలో దిగి ఇరుసు దాకా కూరుకుపోతుంది. లాగడానికి ఎద్దుల జత కావాలి. దగ్గర్లోని సంతకు నడిచి వస్తాడు. వాడి దగ్గర మన దుడ్లు లేవు, కానీ వాన కురిపించే యంత్రముంది. అందుకని బేరం వానల్లో. సంతలో ముసలి దళారి తుండు కప్పుతాడు. వాడి చేతిని మొత్తంగా పట్టుకుంటాడు. ఐదు వానలకు బేరం కుదిరిందని ఊరంతా సంబరపడుతుంది. చెప్పినట్టే వానలు పడతాయి, శనగ విరగకాస్తుంది. కోసి కుప్ప వేసిన రోజున ఆరో వాన. ఆ తడి ఆరకముందే ఏడో వాన. పంటంతా నాశనం. దళారి పరుగున వెళ్లి వాడి చెయ్యి పట్టుకుని తుండు లాగేస్తే, ఆ చేతికి ఏడు వేళ్లు. గుప్పిట పట్టేటప్పుడు ఎవడు ఎంచి చూస్తాడు? చెయ్యంతా అంటే వాడి లెక్కలో ఏడు మరి!

విని నేను పల్లీ పొట్టు ఊదడం మర్చిపోయాను. నిజం ఒప్పుకోవాలి, కథ బ్రహ్మాండంగా ఉంది. పైకి మాత్రం "పరవాలేదు" అన్నాను.

"పరవాలేదా? నీ మొగం అద్దంలో చూసుకో అన్నా" అని నవ్వింది.

స్క్రిప్టు పంపింది. నెల తిరక్కుండా ఒక మంగళవారం పొద్దున హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. పత్రిక సంపాదకురాలు దీపిక. బస్సు నంద్యాలలో ప్లాట్‌ఫారం మీద ఉంది, జనం ఇంకా ఎక్కలేదు. గీతాంజలి స్పీకర్ పెట్టింది, నేను వినాలని.

"మీ స్క్రిప్టు చివరి రెండింటిలో ఉందండీ" అంది దీపిక. "ఏడు వేళ్ల ఆలోచన మా అందరికీ చాలా నచ్చింది. కానీ ఒక ఇబ్బంది ఉంది. రెండో పేజీ, మూడో పేజీ మొత్తం బేరం. ఒక్క మాట లేదు. ఇద్దరు నిలబడి ఉంటారు, మధ్యలో తుండు ఉంటుంది. అన్ని ఫ్రేముల్లోనూ అదే బొమ్మ. పాఠకుడు పేజీ తిప్పేస్తాడు."

"బేరంలో మాటలుండవు మేడమ్. అదే గదా అందులో ఉండే గొప్ప."

"అయితే తుండు తీసి లోపల చేతులు చూపించండి."

"అప్పుడు ఏడు వేళ్లూ ముందే కనపడిపోతాయి. ఇంక చివర్లో ఏముంటాది చూపీడానికి?"

దీపిక మెత్తగానే చెప్పింది. "అది కూడా నిజమే. అందుకే మీరే దారి చూడండి. తుండు మూసే ఉంచండి, కానీ ఆ రెండు పేజీల్లో పాఠకుడికి ఏదో ఒకటి ఇవ్వండి. శనివారం సాయంత్రం లోపల పంపితే మీది. లేకపోతే రెండోది చిత్రకారుడికి ఇచ్చేస్తాం."

ఫోను పెట్టేశాక గీతాంజలి టిక్కెట్ల మిషను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. "ఏం తెలుసు ఆయమ్మకు? సంత మొగం చూసిందా ఎప్పుడైనా?" అన్నాను.

"ఆయమ్మ చెప్పింది కరెక్టే అన్నా. బొమ్మల పుస్తకాలు ఇన్నేండ్ల నుంచి చదువుతాండా, నాకు తెలీదా? నేనైనా ఆ రెండు పేజీలు తిప్పేస్తా." అంతలోనే తల ఎత్తింది. "నేను సంతలో దూరం నుంచి చూసినదే రాసినా. ఆడోళ్లం గట్టు మీద నిలబడాల్సిందే, లోపలికి రానీరు. ఆడ నుంచి చూస్తే అంతా మూగబొమ్మలాటే. దగ్గర్లో ఏం జరుగుతాదో నాయనకే తెలుసు. మధ్యాన్నం అడుగుతా. చెప్పిస్తా."

మధ్యాహ్నం ట్రిప్పుకు శేషయ్య రోజూ ఆళ్లగడ్డ స్టాండుకు వచ్చి కూతురికి మజ్జిగ సీసా ఇచ్చి పోతాడు. ఆ రోజూ వచ్చాడు. పంచె ఎగ్గట్టి, భుజం మీద తుండు వేసుకుని, బస్సు ఇంకా ఆగకముందే తలుపు దగ్గర నిలబడ్డాడు. గీతాంజలి ఆయన్ని నీడలోకి తీసుకుపోయి విషయమంతా చెప్పింది. చెప్తున్నంతసేపూ ఆయన ముఖం ముడుచుకుపోతూ వచ్చింది.

"అంటే తుండు కింద యవ్వారమంతా పుస్తకంలో ఏస్తావా?" అన్నాడు.

"ఏడు వేళ్ల కథ నాయనా. మన సంత గురించి..."

"అందురూ చదివి నేర్చుకుంటే ఇంక నా తుండులో చెయ్యి ఎవురు పెడతారు మ్మే? దీని మీదనే గదా నిన్ను చదివిచ్చింది. గుట్టు ఉంటేనే బేరం. గుట్టు పాయనంటే నేను సంతలో ఎద్దుతో సమానం."

"గుట్టు ఇప్పనులే నాయనా. ఆడ ఏం జరుగుతాదో రోంత చెప్పు చాలు, నేను..."

"ఆడదానికి తుండు కింద పనేందీ?" అనేశాడు. సీసా ఆమె చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

బస్సు కదిలాక గీతాంజలి గొంతు చిన్నబోయింది. శిరివెళ్లలో దిగాల్సిన ఇద్దరు దిగకుండా ముందుకు వచ్చేశారు, కేక వినపడక. నాకు పాపమనిపించింది. నంద్యాల చేరాక అన్నాను, "ఏదో ఒకటి రాసెయ్యి తల్లీ. హైదరాబాదాయమ్మకు ఏం తెలుస్తుంది?"

"ఆయమ్మకు తెలీదు. సంతకు పొయ్యే ప్రతి రైతుకూ తెలుస్తాది. 'శేషయ్య బిడ్డ అంట, బేరం ఎట్లుంటాదో తెలీదు' అంటారు. అదీగాక అన్నా, నాయన వద్దంటే ఆయప్ప తుండు పుస్తకానికి ఎక్కించేది లేదు. పేరు నాదైనా తుండు ఆయప్పది."

"మరి పోటీ?"

"పోటీ నాదే. నాయన ఒప్పుకుంటాడు." ఆ మాట అన్నప్పుడు నా వైపు చూడలేదు.

బుధవారం శేషయ్య రాలేదు. గురువారం మజ్జిగ సీసా ఎవరో పాలాయన తెచ్చి ఇచ్చాడు. శుక్రవారం అదీ లేదు. గీతాంజలి ప్రతి ట్రిప్పులో బస్సు ఆగగానే తలుపు దగ్గరికి వెళ్లి నిలబడేది. నాతో మాత్రం "రేపు వస్తాడు చూడన్నా" అనేది. ఆ ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకుంటుందో నాకు అర్థం కాలేదు. నేనైతే శుక్రవారం సాయంత్రానికే ఆశ వదిలేసుకున్నాను, రాత్రి అన్నం సహించలేదు.

శనివారం మధ్యాహ్నం ఆళ్లగడ్డలో జనం దిగిపోయారు. బస్సు బయలుదేరడానికి అరగంట ఉంది. నేను సీట్లోనే కూర్చుని బండి సంగతులు రాసుకుంటున్నాను. ముందు తలుపులోంచి శేషయ్య ఎక్కాడు. నన్ను పలకరించలేదు. నా వెనక పొడుగు సీటు మీద కూర్చుని, పక్కన చెయ్యి తట్టాడు.

"కూసో."

గీతాంజలి కూర్చుంది.

"చెయ్యి."

ఆమె చెయ్యి చాపింది. పెద్దాయన భుజం మీది తుండు తీసి రెండు చేతుల మీదా కప్పాడు. నేను అద్దంలో చూస్తున్నాను.

"మీ వూర్లో వానలెట్లుండాయి?" అన్నాడు శేషయ్య, ఎవరో పరాయి మనిషిని అడిగినట్టు గట్టిగా.

"ఏందీ నాయనా? మనది ఒకటే వూరు గదా."

"అడిగినదానికి జవాబు చెప్పు. బేరం మొదలైంది."

"వానలు... బాగానే ఉండాయి."

"ఇంట్లో అందురూ కులాసానా? మీ ఇంటాయనకు దగ్గు తగ్గిందా?"

"తగ్గింది... నాయనా, మాట్లాడతారా? బేరం చేస్తా మాట్లాడతారా?"

శేషయ్య పకపకా నవ్వాడు. ఆయన అలా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. "మాట్లాడకుండా ఏమిటికుంటాం మ్మే? మూగోళ్లమా? సుట్టూ జనం నిలబడి మొగంలోకి చూస్తాంటారు. నోరు మూసుకుంటే మొగం చెప్పేస్తాది. అందుకే నోటికి పని పెడతాం. నోరు వానల గురించి మాట్లాడల్ల, వేలు ఎద్దు గురించి మాట్లాడల్ల. ఈ రెండూ ఒకదాన్నొకటి తొక్కకూడదు. అది రానోడు దళారి గాదు."

గీతాంజలి నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "చిన్నప్పటి నుంచి గట్టు మీద నిలబడి చూస్తి. నీ నోరు కదిలేది కనపడలేదు నాయనా, అంత దూరం. మీరందరూ నోరు మూసుకుని నిలబడతారనుకుంటి. అదే రాసి పంపిస్తి."

ఆ మాటకు పెద్దాయన నవ్వు ఆగిపోయింది.

"నాలుగు రోజుల్నుంచి నిద్దర పట్టలేదు నాకు" అన్నాడు. "సంతలో కుర్రోళ్లు ఎద్దును సెల్లులో ఫోటో తీసి, ఆడ్నే ధర పెట్టి అమ్ముతాండారు. నా పని నాకు నేర్పు అని అడిగినోడు ఇంతవరకూ ఒక్కడు లేడు. అడిగినదానివి నువ్వొక్కదానివే. నిన్ను తిట్టి పొమ్మంటి." తుండు మళ్లీ సర్దాడు. "సరే. పుస్తకంలో తుండు ఎన్నిసార్లు ఎత్తుతావో అదీ బేరం. మన చెయ్యి మాత్రం ఒకసారి గూడా కనపడకూడదు. ఆకాశమోంది చూపిచ్చుకో. ఎన్నిసార్లో చెప్పు. నోటితో గాదు."

తుండు కదిలింది. గీతాంజలి గట్టిగా అడిగింది, "మీ మజ్జిగలో అల్లం ఏసినారా?"

"ఏసినాం. కరివేపాకు గూడా ఏసినాం" అన్నాడు శేషయ్య. తుండు మళ్లీ కదిలింది.

"మా బస్సు డ్రైవరుకు కోపం జాస్తి."

"డ్రైవర్లకందరికీ అంతే. సీటు వేడి."

నాకు మండింది గానీ, బేరం మధ్యలో మాట్లాడకూడదని ఊరుకున్నాను. వేళ్లు లాక్కుంటున్నారు, ఇస్తున్నారు, ఇద్దరి ముఖాల్లోనూ ఏమీ లేదు. చివరికి ఇద్దరూ ఒకేసారి తలూపారు. శేషయ్య తుండు లాగి భుజం మీద వేసుకున్నాడు.

"ఎన్ని సార్లు?" అన్నాను ఆగలేక.

"ఒక్కసారే" అంది గీతాంజలి. "నేను మూడుతో మొదలుపెడితి. నాయన సున్నా నుంచి ఒక్కటి దాకా వచ్చినాడు. చివరి ఫ్రేములో ఆకాశమోని చెయ్యి ఒక్కటే కనపడతాది. మన చెయ్యి తుండులోనే ఉంటాది. ఇదే మేలు అన్నా. నేను ముందు రాసినదానికంటే ఇదే బాగుంది."

బస్సు బయలుదేరే లోపల ఆమె మెట్టు మీద కూర్చుని ఫోనులో టైపు చేయడం మొదలుపెట్టింది. నంద్యాల వెళ్లాక మళ్లీ కూర్చుంది. రెండు పేజీల నిండా కొత్త బుడగలు. దళారి కబుర్లాడుతుంటాడు, ఆకాశమోడికి కబుర్లు చేతకావు. "మీ ఇంట్లో అందరూ బాగున్నారా?" అని దళారి అడిగితే "మా ఇల్లు బురదలో ఉంది" అంటాడు వాడు. ఇంతలో వాడి ముఖం రంగు మారుతుంది, ముందు పచ్చన, తర్వాత ఊదా. బేరం ఎటుపోతుందో ఆ రంగును బట్టి పాఠకుడు ఊహించుకోవాలి. ఒక బుడగ దగ్గర ఆమెకు మాట తట్టలేదు. "వీణ్ని ఇంకేం అడగాలన్నా?" అంది.

"మీ లోకంలో బస్సులు టైముకొస్తాయా అని అడగమను" అన్నాను విసుగ్గా.

అది కూడా పెట్టేసింది. మూడో పేజీలో కింది వరస, మొదటి బుడగ. అది నాది. ఎవరు అడిగినా చూపిస్తాను. సాయంత్రం చీకటి పడకముందే పంపించేసింది. పంపాక "ఇంకేం, గెలిచినట్టే" అని చేతులు దులుపుకుంది. నేనైతే జవాబు వచ్చిందా అని అప్పుడే రెండుసార్లు అడిగాను.

గెలిచింది. ముందే చెప్పింది కదా, నేను నోరెళ్లబెట్టలేదు. దీపిక ఫోను చేసి, ఆ రెండు పేజీలు తమ ఆఫీసులో అందరూ గట్టిగా చదువుకుని నవ్వారని చెప్పింది. పత్రిక వచ్చిన రోజు నేను కొట్టాయనతో పోట్లాడి తెచ్చిన కాపీ ఇద్దరం తెరిచి చూశాం. 'రచన: గీతాంజలి, ఆళ్లగడ్డ' అని ఉంది. "నంద్యాల అని ఎందుకు రాయలేదు?" అంటే, "తుండు యాడిదో ఆడి పేరే రావల్ల" అంది. తర్వాత ఆ పేజీ మీది తన పేరును వేలితో ఒకసారి తడిమి చూసుకుంది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ శేషయ్య భయం ఒకటి మిగిలి ఉంది. పుస్తకం పల్లెలన్నీ తిరిగింది. టీ కొట్లలో నలిగింది. సంత రోజు దగ్గరపడేకొద్దీ పెద్దాయన మజ్జిగ ఇవ్వడానికి వచ్చినా మాట్లాడటం తగ్గించేశాడు. ఎవరూ చెయ్యి పెట్టకపోతే తన వల్లేనని గీతాంజలికీ తెలుసు. "సంతకు నేనూ పోతా. నా వల్ల చెడితే నా కండ్ల ముందరే చెడల్ల" అని సెలవు పెట్టింది. ఆమె లేకుండా బస్సు నడపడం నాకూ ఇష్టం లేదు, నేనూ పెట్టాను.

సంతలో పొద్దున్నుంచీ శేషయ్య తన చోట నిలబడే ఉన్నాడు. జనం వచ్చి పలకరిస్తున్నారు, నవ్వుతున్నారు, పోతున్నారు. చెయ్యి ఎవరూ చాపలేదు. గీతాంజలి, నేను గట్టు మీద ఉన్నాం. ఆమె ముఖం పాలిపోయింది. "తప్పు చేస్తినా అన్నా?" అని మొట్టమొదటిసారి అడిగింది.

ఎండ ముదిరాక పాణ్యం నుంచి వెంకటరామయ్య అనే రైతు వచ్చాడు. పేరున్న కొనుగోలుదారు, మంచి జత కోసం ఎంత దూరమైనా వస్తాడు. చంకలో 'రోదసి రథం' చుట్ట చుట్టి ఉంది. వచ్చీ రాగానే అందరికీ వినపడేలా అన్నాడు, "ఏమప్పా శేషయ్యా, నీ చేతికి వేళ్లు ఐదేనా? ముందు ఎంచి చూపిచ్చు, తర్వాత బేరం!"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. శేషయ్య దవడ బిగుసుకుంది.

"చెయ్యి పెడతావా, ఎగతాళికి వచ్చినావా?" అన్నాడు.

"పెడతా. ఎందుకు పెట్టను? బొమ్మల పుస్తకంలో గూడా చెయ్యి చూపీకుండా దాచుకున్నోడివి నువ్వు. నీకంటే నమ్మకస్తుడు యాడ దొరుకుతాడు?" అని గట్టు వైపు తిరిగాడు. "అయితే ఈపొద్దు నీకు గాదప్పా. ఆ కతను రాసిన చేతికి పెడతా. ఆయమ్మ యాడ?"

సంత అంతా గట్టు మీదికి చూసింది. నా పక్కన గీతాంజలి రాయిలా నిలబడిపోయింది. శేషయ్య ఆ మనిషిని చూశాడు, కూతుర్ని చూశాడు. ఆయన భుజం మీది తుండు తీసి, దుమ్ము దులిపి, చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు.

"మ్మే, దిగు" అన్నాడు.

గీతాంజలి గట్టు దిగి మనుషుల మధ్యలోంచి నడిచి వెళ్లింది. ఎవరో గొణిగారు, ఇంకెవరో "గమ్మునుండప్పా" అన్నారు. తుండు తీసుకుని, ముందు ఎద్దులు అమ్మే రైతు చేతి మీద కప్పి అతని ధర తెలుసుకుని, తర్వాత వెంకటరామయ్య చేతి మీద కప్పింది. వెంటనే ఆ బస్సు గొంతు లేచింది.

"ఏం మామా, పాణ్యంలో ఎండలెట్లుండాయి? బస్సులో వస్తివా, బండి మీద వస్తివా? టికెట్టు తీసుకున్యావా?"

జనం నవ్వు ఆపుకోలేకపోయారు. వెంకటరామయ్య కూడా తగ్గలేదు, అతనూ ఏదేదో మాట్లాడుతున్నాడు. తుండు కదులుతూనే ఉంది. నేను పరుగులాంటి నడకతో దిగి వెళ్లి శేషయ్య పక్కన నిలబడ్డాను. పెద్దాయన మునివేళ్ల మీద లేచి, మెడ సాచి చూస్తున్నాడు.

"యాడికొచ్చిందప్పా?" అని నన్ను అడిగాడు.

"నాకేం తెలుసు పెద్దాయనా? గుడ్డ కప్పేసింది గదా."

"అవును గదా" అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన బయట నిలబడింది ఇదే మొదలు. పాపం, కాళ్లు ఒక చోట నిలవడం లేదు.

తుండు కింద చేతులు ఆగాయి. వెంకటరామయ్య చెయ్యి లాక్కుని ఎద్దుల తాడు అందుకున్నాడు. బేరం తెగింది. గీతాంజలి తుండు పట్టుకుని నేరుగా తండ్రి దగ్గరికి వచ్చింది. అందరూ ఇటే చూస్తున్నారు. నోరు తెరిచి ధర చెప్పలేదు. ఆయన చెయ్యి తీసుకుని, తుండు కప్పి, వేళ్లు పట్టుకుంది.

"ఎండ ఎక్కువైంది నాయనా, మజ్జిగ తాగుదామా?" అంది గట్టిగా.

శేషయ్య ముఖంలో ఏమీ తెలియలేదు. డెబ్బై ఏళ్ల దళారి ముఖం, అందులో ఎవడు చదవగలడు? కానీ నోటికి పని పెట్టాల్సిన మనిషికి మాట రాలేదు. చెయ్యి విడిచిపెట్టకుండా చివరికి అన్నాడు.

"వచ్చే సంతకు గూడా సెలవు పెట్టుకో మ్మే."